పింఛను ఆపితే కోర్టుకెళ్లే హక్కు: ఆ ఖర్చు ఎవరు కడుతున్నారు?

ఇది కొంచెం లెక్కల ఎపిసోడ్. భయపడకండి, కూడికలు, భాగహారాలు తప్ప ఇంకేం లేవు.

ప్రశ్న ఏంటంటే, ప్రభుత్వం ఒకరికి ఇస్తున్న పింఛనో, రేషనో, నిరుద్యోగ భృతో ఆపేసింది అనుకోండి. ఆ మనిషి "ఇది తప్పు, నా మాట ఒకసారి వినండి" అని పై అధికారి దగ్గరికో, ట్రిబ్యునల్‌కో, కోర్టుకో వెళ్లే హక్కు ఇవ్వాలా? ఇస్తే దానికి ఖర్చుంటుంది. వినేవాళ్లకి జీతాలు, ప్రభుత్వ లాయర్లకి ఫీజులు, ఫైలు పట్టుకుని జిల్లా నుంచి హైకోర్టుకి తిరిగే ఉద్యోగుల రోజులు. ఇదంతా మన పన్నుల డబ్బే.

తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను నెలకి 2,016 రూపాయలు. ఏడాదికి 24,192. దీని మీద హైకోర్టులో ఒక కేసు నడిస్తే, రెండు వైపులా అయ్యే ఖర్చు ఈ ఏడాది పింఛనుని దాటిపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే "రెండు వేల కోసం ఇంత ఖర్చా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంది" అనేవాళ్లు ఉంటారు. ఆ మాటని నేను కొట్టిపారేయను. అందులో నిజం ఉంది. కానీ ఆ లెక్కలో ఒక కాలమ్ మాత్రమే ఉంది. రెండో కాలమ్ ఖాళీగా వదిలేశారు. ఇవాళ ఆ రెండో కాలమ్ నింపుదాం.

ఈ గొడవని అందరికంటే బాహాటంగా, డాలర్ల లెక్కతో సహా మాట్లాడుకున్నది అమెరికా సుప్రీంకోర్టు. ఆరేళ్ల తేడాలో రెండు తీర్పులు. రెండూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. ముందు వాటి సంగతి చూసి, తర్వాత ఆస్ట్రేలియా మీదుగా మన రేషన్ కార్డుల దగ్గరికి వద్దాం.

మొదటిది 1970, గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ. న్యూయార్క్ నగరంలో పేదలకి ఇచ్చే నగదు సాయం ఆపేసిన కొంతమంది వేసిన కేసు. అందులో పేరున్న జాన్ కెల్లీ ఒక వికలాంగుడు. కేస్‌వర్కర్ ఉండమన్న హోటల్లో ఉండలేదని ఆయన సాయం ఆపేశారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. న్యూయార్క్‌లో అప్పీల్ లేదని కాదు. ఉంది. కాకపోతే ముందు డబ్బు ఆపుతారు, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి వింటారు. ఆపేముందు కావాలంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు, అంతే. కోర్టు 5-3 మెజారిటీతో ఏమందంటే, బతకడానికి ఆధారమైన డబ్బు ఆపేముందే ఆ మనిషిని పిలిచి నోటితో చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అంది. తీర్పు రాసింది జస్టిస్ బ్రెనన్. ఆయన వాదన సింపుల్. తిండికి డబ్బు లేనివాడు రోజంతా తిండి వెతుక్కుంటూ ఉంటాడు, ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతాడు? విచారణ జరిగేదాకా డబ్బు ఇస్తే ప్రభుత్వానికి ఖర్చే, ఆ సంగతి ఆయన ఒప్పుకున్నారు. విచారణలు త్వరగా పూర్తి చేస్తే ఆ ఖర్చు తగ్గించుకోవచ్చన్నారు.

ఓడిపోయిన వైపు నుంచి జస్టిస్ బ్లాక్ రాసిన మాట కూడా వినాలి. ఎందుకంటే అది చాలా తెలివైన హెచ్చరిక. ఒకసారి లిస్టులో పేరెక్కాక తీయడం ఇంత ఖరీదైతే, ప్రభుత్వం అసలు పేరు ఎక్కించడమే ఆలస్యం చేస్తుంది, ముందే సవాలక్ష ఎంక్వైరీలు చేస్తుంది, దాంతో నిజంగా అవసరం ఉన్నవాడు గుమ్మం బయటే ఉండిపోతాడు అన్నారాయన. మన దగ్గర కొత్త కార్డుకి అప్లై చేసి ఏళ్ల తరబడి స్టేటస్‌లో "పెండింగ్" చూస్తున్నవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. (తమాషా ఏంటంటే, మన దగ్గర తీసేయడం కూడా సులువే, ఎక్కించడం కూడా ఆలస్యమే. రెండు వైపులా నష్టం.)

రెండో తీర్పు 1976, మాథ్యూస్ వర్సెస్ ఎల్‌డ్రిడ్జ్. జార్జ్ ఎల్‌డ్రిడ్జ్ అనే ఆయన వైకల్యం వల్ల పని చేయలేని స్థితిలో సోషల్ సెక్యూరిటీ నుంచి డబ్బు తీసుకుంటున్నారు. 1972లో "మీ వైకల్యం తగ్గింది" అని ఆపేశారు. ఆయన కూడా కెల్లీ లాగే, ఆపేముందు నన్ను వినాలి కదా అన్నారు. ఈసారి కోర్టు అక్కర్లేదంది. తర్వాత విచారణ ఉంది కదా, అది చాలు అంది.

ఇక్కడే ఇవాళ్టి మన టాపిక్ పుట్టింది. జస్టిస్ పావెల్ ఆ తీర్పులో ఒక తక్కెడ పెట్టారు. ఒకటి, ఆ మనిషికి పోయేదెంత. రెండు, ఇప్పుడున్న పద్ధతిలో తప్పు జరిగే అవకాశం ఎంత, ఇంకో విచారణ పెడితే ఆ తప్పు ఎంత తగ్గుతుంది. మూడు, ప్రభుత్వానికి అయ్యే ఖర్చు, శ్రమ. ఈ మూడూ తూచి చూడాలి. న్యాయం విషయంలో ఖర్చు మాటెత్తకూడదు అని చాలామంది అనుకుంటారు. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం ఎత్తొచ్చు అంది, కాకపోతే ఖర్చు ఒక్కటే చూసి తేల్చకూడదు అని కూడా అంది. ఇంకో మాట కూడా ఉంది అందులో. సంక్షేమానికి ఉన్న డబ్బు అంతులేనిది కాదు, అర్హత లేనివాళ్లని విచారించడానికి పెట్టే ఖర్చు చివరికి అర్హులైనవాళ్ల జేబులోంచే పోవచ్చు అని. ఇన్ని అప్పీళ్లెందుకు అనేవాళ్ల వాదనంతా ఈ ఒక్క మాటలో ఉంది. దీని సంగతి తర్వాత చూద్దాం, గుర్తుపెట్టుకోండి.

ఆ తీర్పులో రెండు అంకెలున్నాయి. నాకు ఆ కేసు మొత్తంలో బాగా పట్టుకున్నవి అవే. ప్రభుత్వ నిర్ణయాలు ఎన్ని తప్పని తేలుతున్నాయి అన్న దానికి ఒక వైపు 58.6 శాతం అన్నారు, ఇంకో వైపు 3.3 శాతం అన్నారు. రెండూ ఒకే వ్యవస్థ గురించే. రెండూ నిజమే. ఇదెలా సాధ్యం?

క్రికెట్‌లో డీఆర్ఎస్ ఉంది కదా. అంపైర్ ఒక మ్యాచ్‌లో ఎన్నో నిర్ణయాలు ఇస్తాడు. వాటిలో కొన్నిటికే రివ్యూ అడుగుతారు. రివ్యూ అడిగినవాటిలో సగం మారాయనుకోండి. అంపైర్ సగం తప్పులు చేస్తున్నాడని అంటామా? అనం. మొత్తం నిర్ణయాలతో పోలిస్తే మారినవి చాలా తక్కువ. అలాగే, అప్పీల్‌కి వెళ్లి చివరి విచారణ దాకా నిలబడ్డవాళ్లలో 58.6 శాతం. మొత్తం నిర్ణయాల్లో చూస్తే 3.3 శాతం. ప్రభుత్వం రెండో అంకె చూపిస్తుంది, ఎదుటివాళ్లు మొదటిది చూపిస్తారు. ఉట్టి అంకెలతో న్యాయం కొలవలేమని కోర్టు కూడా అంది.

కానీ డీఆర్ఎస్‌కీ, పింఛనుకీ ఒక తేడా ఉంది. క్రికెట్‌లో రివ్యూ అడగొచ్చని ప్రతి బ్యాటర్‌కీ తెలుసు. చేతులతో టీ గుర్తు చూపిస్తే చాలు. పింఛను ఆగిన ముసలావిడకి రివ్యూ ఉందనే తెలియకపోవచ్చు. తెలిసినా, బస్సు చార్జీ ఉండాలి, కాగితం రాసిపెట్టేవాళ్లు ఉండాలి. కాబట్టి అప్పీల్‌కి రానివాళ్లందరి విషయంలో నిర్ణయం కరెక్టే అనుకుని లెక్క వేస్తే ఆ 3.3 వస్తుంది. రానివాళ్లలో ఎంతమందికి అన్యాయం జరిగిందో ఆ అంకె చెప్పదు. అసలు తప్పుల సంఖ్య ఈ రెండు అంకెలకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఎల్‌డ్రిడ్జ్ సంగతి ఏమైందంటారా? వైకల్య సాయం పేదరికం చూసి ఇచ్చేది కాదు కాబట్టి, ఆగినా మనిషి వెంటనే రోడ్డున పడడు అన్నట్టు మెజారిటీ తీర్పు మాట్లాడింది. ఈసారి ఓడిన వైపున్న బ్రెనన్ తన అసమ్మతిలో ఆ ఇంట్లో జరిగింది రాశారు. డబ్బు ఆగాక ఇల్లు జప్తుకి పోయింది, ఫర్నిచర్ పట్టుకెళ్లిపోయారు, ఆయన, భార్య, పిల్లలు అందరూ ఒకే మంచం మీద పడుకున్నారు. డబ్బు ఆపిన రోజుకీ, విచారణ అయ్యి తుది నిర్ణయం వచ్చే రోజుకీ మధ్య ఏడాదికి పైనే పట్టేదని ఆ తీర్పులోనే ఉంది. తర్వాత వింటాం అనే మాటకి ఆ ఏడాది ఖరీదు. అది ఖజానా పుస్తకాల్లో ఎక్కడా రాయరు. మన ఖాళీ కాలమ్‌లో మొదటి ఎంట్రీ ఇదే.

సరే, ఇప్పుడు ఆస్ట్రేలియా. ఇక్కడ డబ్బు లెక్క పక్కాగా దొరుకుతుంది.

2016లో అక్కడి ప్రభుత్వం సెంటర్‌లింక్ ద్వారా ఒక ఆటోమేటిక్ పద్ధతి మొదలుపెట్టింది. జనం దానికి రోబోడెట్ అని పేరు పెట్టారు. నిరుద్యోగ భృతి, స్టూడెంట్ సాయం లాంటివి తీసుకున్నవాళ్లు ఆదాయం తక్కువ చెప్పి ఎక్కువ డబ్బు తీసుకున్నారా అని టాక్స్ డిపార్ట్‌మెంట్ లెక్కలతో పోల్చి చూసి, తేడా ఉంటే "మీరు ఇంత బాకీ" అని నోటీసు పంపేది. ఐడియా వినడానికి బాగానే ఉంది. తప్పు ఎక్కడంటే, అక్కడ భృతి రెండు వారాలకోసారి, ఆ రెండు వారాల ఆదాయం చూసి ఇస్తారు. టాక్స్ లెక్క ఏడాదికి ఒకటే ఉంటుంది. సిస్టమ్ ఏం చేసిందంటే ఏడాది ఆదాయాన్ని 26తో భాగించేసింది.

ఒక కుర్రాడు మొదటి ఆరు నెలలు పని చేసి 26,000 డాలర్లు సంపాదించాడు అనుకోండి. ఆ తర్వాత ఆరు నెలలు ఉద్యోగం లేదు, అప్పుడు మాత్రమే భృతి తీసుకున్నాడు. ఏ తప్పూ చేయలేదు. కానీ 26,000ని 26తో భాగిస్తే ప్రతి రెండు వారాలకీ 1,000 వస్తుంది. అంటే ఖాళీగా ఉన్న ఆరు నెలలు కూడా వీడికి ఆదాయం ఉన్నట్టే సిస్టమ్‌కి కనిపిస్తుంది. "అబద్ధం చెప్పి భృతి తీసుకున్నావ్, తిరిగి కట్టు." కాదని నిరూపించాల్సింది వాడే. ఏళ్ల కిందటి పే స్లిప్పులు వెతుక్కోవాల్సింది వాడే.

కొంతమంది అప్పీల్‌కి వెళ్లారు. 2017 మార్చి నుంచే అక్కడి అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్‌లో ఇలా సగటు తీసి బాకీ వేయడం చట్టప్రకారం చెల్లదని నిర్ణయాలు వచ్చాయి. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ప్రభుత్వం వాటి మీద పై కోర్టుకి వెళ్లలేదు. ఓడిన కేసులో ఆ ఒక్క మనిషి బాకీ సంగతి చూసుకుని, మిగతావాళ్లకి నోటీసులు పంపుతూనే ఉంది. ఆ మొదటి మెట్టు నిర్ణయాలు పబ్లిక్‌గా ప్రచురించేవారు కాదు. కాబట్టి పక్క ఊళ్లో అదే నోటీసు అందుకున్నవాడికి అది చెల్లదని తెలిసే దారి లేదు. పై కోర్టు తీర్పు వస్తే అందరికీ వర్తించేది. అది రాకుండా చూసుకున్నట్టయింది.

యాప్‌లో బగ్ వస్తే రిపోర్ట్ కొడతారు కదా. డెవలపర్ ఆ బగ్ ఫిక్స్ చేసి అందరికీ అప్‌డేట్ పంపాలి. వీళ్లేం చేశారంటే, రిపోర్ట్ కొట్టినవాడి ఫోన్‌లో మాత్రం సరి చేసి, మిగతా ఫోన్లని అలాగే వదిలేశారు.

చివరికి 2019 నవంబర్‌లో ఫెడరల్ కోర్టులో ఒక కేసులో ప్రభుత్వం తన పద్ధతి చెల్లదని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2020లో 72.1 కోట్ల డాలర్లు తిరిగిస్తామని ప్రకటించింది. 2021లో క్లాస్ యాక్షన్ కేసు సెటిల్‌మెంట్‌ని ఆమోదిస్తూ జడ్జి చెప్పిన లెక్క ప్రకారం, దాదాపు 4,33,000 మంది మీద కనీసం 176.3 కోట్ల డాలర్ల బాకీలు అక్రమంగా వేశారు. వసూలు చేసింది తిరిగివ్వాలి, మిగిలింది రద్దు చేయాలి, పైన 11.2 కోట్లు నష్టపరిహారం. ఆ తర్వాత రాయల్ కమిషన్ కూర్చుంది. తమ పిల్లలు ఈ నోటీసుల తర్వాత ఆత్మహత్య చేసుకున్నారని తల్లులు దాని ముందు చెప్పారు. 2023 జులైలో రిపోర్ట్ వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఇంకో 47.5 కోట్ల డాలర్ల పరిహారానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇప్పుడు రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టండి. ఒక వైపు, 2017లో ఒక్క ట్రిబ్యునల్ నిర్ణయాన్ని పై కోర్టుకి తీసుకెళ్లి తేల్చుకోవడానికి అయ్యే లాయర్ల ఖర్చు. ఇంకో వైపు, మీరు ఇప్పుడే విన్న కోట్లు. అందులో సిబ్బంది జీతాలు, కమిషన్ ఖర్చు ఇంకా కలపలేదు. పోయిన ప్రాణాలకి కాలమ్ లేదు.

అందుకే, ఒక అప్పీల్‌కి ఇంత ఖర్చు, ఒక పింఛనుకి ఇంత విలువ, రెండూ పోల్చి చూడటం తప్పు లెక్క అంటాను నేను. అప్పీల్ ఒక మనిషి కోసం వేసినా, దాని పని ఒక మనిషితో ఆగదు. ఆ ఖర్చుని ఆ నిర్ణయం తగిలే అందరి మీదా పంచి చూడాలి.

మన దగ్గర ఇదే జరిగిందా? రేషన్ కార్డుల్లో జరిగింది. తెలంగాణలో 2014 తర్వాత సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. రకరకాల ప్రభుత్వ డేటాబేస్‌లని కలిపి చూసే సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌ని కూడా ఇందులో వాడారు. ఇంట్లో కారుందా, ప్రభుత్వ ఉద్యోగం ఉందా, భూమి ఎంత అని మనిషి వెళ్లి చూడకుండా రికార్డులు కలిపి చెప్పేది. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. ఒకే పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంటుంది. దాంతో కారు లేని ఇంటికి కూడా కారు అంటగట్టిన కేసులు పత్రికల్లో వచ్చాయి. కార్డు పోయిన చాలామందికి నోటీసు కూడా రాలేదు. రేషన్ షాపుకి వెళ్లి వేలు పెడితే "మీ కార్డు లేదమ్మా" అన్నారు.

ఒక సామాజిక కార్యకర్త దీని మీద కోర్టుకి వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులన్నీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించండి అని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తర్వాత దాదాపు 4.9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. జులై నాటికి 2,05,734 పరిశీలించారు. అందులో 15,471 కుటుంబాలు అర్హులే అని తేలింది. అంటే వందకి ఏడున్నర.

ఈ అంకెని రెండు రకాలుగా చదవొచ్చు. నేను రెండూ చెప్తాను. వందలో తొంభై రెండు కరెక్టే కదా, వాటన్నిటినీ మళ్లీ చెక్ చేయడానికి కింది స్థాయి ఉద్యోగుల దగ్గర్నుంచి కలెక్టరేట్ దాకా ఎంత పని, ఎంత ఖర్చు అని ఒకరంటారు. నిజమే, అది ఖర్చే. దరఖాస్తు చేయని దాదాపు 14 లక్షల కార్డుల సంగతేంటి, వాళ్లలో ఎంతమంది మన డీఆర్ఎస్ తెలియని ముసలావిడలు అని ఇంకొకరు అడుగుతారు. నేను ఈ రెండో వైపే ఉంటాను. ఎందుకో అంకెల్లోనే చెప్తా. ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకి 5 కిలోలు. నలుగురున్న ఇంటికి 20 కిలోలు. ఆరేళ్లు రాకపోతే 1,440 కిలోలు. ఒక్క ఇంటికి దాదాపు పద్నాలుగున్నర క్వింటాళ్ల బియ్యం. దాన్ని 15,471 ఇళ్లతో హెచ్చించండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది కదా. అందరికీ ఆరేళ్లు ఆగి ఉండకపోవచ్చు, కొందరికి రెండేళ్లే అయి ఉండొచ్చు. సగం తీసేసినా లక్ష క్వింటాళ్ల పైమాటే.

ఆ బియ్యం లెక్క ప్రభుత్వ పుస్తకాల్లో ఎలా పడుతుందో తెలుసా? "బోగస్ కార్డుల ఏరివేత వల్ల ఆదా" అని. తప్పుగా తీసేసిన కార్డు కూడా ఆదా కిందే వస్తుంది. ఇక్కడ పావెల్ గారి మాట దగ్గరికి మళ్లీ వద్దాం. విచారణల ఖర్చు అర్హుల జేబులోంచి పోతుందన్నారు కదా. విచారణ లేకపోతే తప్పుల ఖర్చు కూడా అర్హుల జేబులోంచే పోతోంది. పైగా అందరి జేబులోంచి కొంచెం కొంచెంగా కాదు. ఎవరి పేరు తప్పుగా కలిసిందో ఆ ఒక్క ఇంటి నుంచి, ఆరేళ్లపాటు, మొత్తం.

అలాగని ప్రతి రేషన్ కార్డు గొడవా హైకోర్టుకి వెళ్లాలని నేను అనట్లేదు. హైకోర్టు దీనికి అన్నిటికంటే ఖరీదైన చోటు. అక్కడికి వచ్చిందంటే కింద మెట్లు పని చేయలేదని అర్థం. ఖర్చు తగ్గాలంటే పై మెట్టు తీసేయడం కాదు, కింద మెట్టు గట్టిగా కట్టాలి. తీసేసేముందు కారణంతో ఒక నోటీసు, పదిహేను రోజుల టైము, మండలంలోనే కూర్చుని వినే ఒక అధికారి. ఆయన కార్డు తీసేసినవాళ్ల కింద పనిచేసే మనిషి కాకూడదు. బ్రిటన్‌లో వికలాంగులకిచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ విషయంలో ట్రిబ్యునల్ దాకా వెళ్లి విచారణ జరిగినవాళ్లలో ఇటీవలి సంవత్సరాల్లో పదిమందికి ఆరుగురికి పైనే గెలుస్తున్నారు. అక్కడ ట్రిబ్యునల్‌కి ముందు అదే శాఖ తన నిర్ణయాన్ని మళ్లీ చూసుకోవాలనే రూల్ 2013 నుంచి ఉంది. ఆ మెట్టు దాటి వచ్చినవాళ్లలో కూడా ఇంతమంది గెలుస్తున్నారంటే, శాఖ తన పేపర్ తనే దిద్దుకుంటే ఎంత బాగా దిద్దుతుందో అర్థమవుతోంది. నన్నడిగితే ఓడిన ప్రతి కేసు విచారణ ఖర్చూ ఆ శాఖ బడ్జెట్‌లోంచే కట్ చేయాలి. అప్పుడు మొదటి నిర్ణయం జాగ్రత్తగా తీసుకుంటారు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలా ఆగిపోయిందనుకోండి. రేషన్‌కీ, పింఛనుకీ దారులు వేరు, అది ముందు తెలుసుకోవాలి. రేషన్ చట్టం ఇచ్చిన హక్కు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలోనే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉన్నారు, ఆయన నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీల్ ఉంది. దానికి లాయర్ అక్కర్లేదు. రాష్ట్ర పింఛన్లు అలా కాదు. అవి ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచే పథకాలు, ఆ స్థాయి అప్పీల్ మెట్లు వాటికి లేవు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం, అక్కడ తేలకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. మధ్యలో పెద్దగా ఏమీ లేదు. రెండు వేల పింఛను కేసు అంత ఖరీదైన చోటికి ఎందుకు వెళ్తోందో ఇప్పుడు తెలిసింది కదా.

ఏ దారైనా, మొదట కావాల్సింది కారణం. "సిస్టమ్‌లో తీసేసింది" అనేది కారణం కాదు. ఏ రూల్ కింద, ఏ రికార్డు చూసి తీసేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు పది రూపాయలు దాటదు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కారు ఉందన్నారంటే ఆ కారు నంబర్ ఎంతో అడగండి. లాయర్ కావాల్సి వస్తే, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ అయితే 15100.

ఇంకోటి. ఇంట్లో పెద్దవాళ్ల పని మీదే పడుతుంది కాబట్టి చెప్తున్నా. ఆన్‌లైన్ స్టేటస్ పేజీ ఈరోజు ఏం చూపిస్తోందో తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు మారిపోవచ్చు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయమంటే విసుక్కుంటారు. అక్కడే నిలబడి వేయించుకోండి. ఎప్పటి నుంచి ఆగింది, ఎప్పుడు అడిగారు అనేది తర్వాత ఎవరు విన్నా మొదట అడిగేది అదే.